ఉడ్రో విల్సను

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని వర్జీనియా రాష్ట్రమున స్టాంటన్ అను చిన్న పట్టణము కలదు. ఆ పట్టణమున 1856వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన ఉడ్రో విల్సను జన్మించెను. ఆయన తండ్రి క్రైస్తవ మతబోధకుడు, మంచి వక్త, భాషయందు మిక్కిలి శ్రద్ధ గలవాడు. విల్సను పసివాడుగా నుండగనే ఆ కుటుంబము దక్షిణమున నున్న జార్జియా రాష్ట్రమునకు తరలిపోయి అగస్టా నగరమున స్థిరపడెను.

బాలునకు నాలుగేండ్లు నిండిన కొలదికాలమునకే, 1861లో, అమెరికాలో అంతర్యుద్ధము మొదలయ్యెను. బానిసత్వమును నిలుపుకొనగోరిన దక్షిణ రాష్ట్రములు దేశమునుండి విడిపోవ యత్నించెను. ఉత్తర రాష్ట్రములు వానిని ఎదిరించెను. నాలుగేండ్లు సాగిన ఆ పోరాటమున 6 లక్షలకు మించి సైనికులు మరణించిరి. విల్సను తండ్రి దక్షిణ పక్షమును బలపరచినవాడు. ఆయన ప్రార్థనాలయము గాయపడిన సైనికులకు ఆసుపత్రిగా మారెను. దాని ఆవరణము పట్టుబడిన శత్రుసైనికులకు చెరసాల అయ్యెను. యుద్ధము ముగిసినపిమ్మట దక్షిణ పక్షపు అధ్యక్షుడు జెఫర్సన్ డేవిసును బందీగా అగస్టా వీధులవెంట కొనిపోవుటను ఎనిమిదేండ్ల ఆ బాలుడు కన్నులార చూచెను. యుద్ధమనగా నెట్టిదో, ఓడిన ప్రజల మనస్సు ఎట్లుండునో ఆయన గ్రంథములు చదివి నేర్చుకొనలేదు. ఇంటి ముంగిటనే నేర్చుకొనెను. ఆ పాఠము ఆయనను జీవితాంతము విడువలేదు. ఆ ప్రాంతమువారికి నల్లజాతి ప్రజలపట్ల గల చిన్నచూపు కూడ ఆయనను విడువలేదు.

చదువున విల్సను మొదట మందుడు. పది సంవత్సరములు వచ్చువరకు ధారాళముగా చదువలేకపోయెను. తండ్రి విసుగుచెందక ఓపికతో నేర్పెను. ఏ విషయమునైనను స్పష్టముగా చెప్పవలెననియు, చెప్పలేనిచో అది అర్థము కానట్లే యనియు ఆయన కుమారునకు బోధించెను. విల్సను 1879లో ప్రిన్‌స్టన్ కళాశాలలో పట్టము పొంది, కొంతకాలము న్యాయశాస్త్రము చదివి, అది తనకు సరిపడకపోవుటచే విడిచిపెట్టెను. పిమ్మట రాజనీతిశాస్త్రమును, చరిత్రను అభ్యసించి 1886లో డాక్టరు పట్టమును పొందెను. అమెరికా అధ్యక్షులలో ఇట్టి పట్టము గలవాడు ఆయన యొక్కడే. 1890లో ప్రిన్‌స్టన్‌నందే ఆచార్యుడై, 1902లో ఆ విశ్వవిద్యాలయమునకే అధ్యక్షుడయ్యెను. విద్యాబోధనలో మంచి సంస్కరణములను తెచ్చెను. కాని తన మాట కాదన్నవారితో రాజీపడుట ఆయనకు చేతకాకుండెను. నిన్నటి మిత్రుడు ఒక్క విషయమున విభేదించినచో నేడు ఆయన దృష్టిలో శత్రువే. ఈ గుణము అప్పటికి చిన్నదిగనే తోచెను. మున్ముందు ఇదియే పెద్ద అనర్థమునకు కారణమాయెను.

1910లో ప్రజలు ఆయనను న్యూజెర్సీ రాష్ట్రమునకు గవర్నరుగా ఎన్నుకొనిరి. రెండేండ్లకే, 1912లో, దేశాధ్యక్షుడుగా ఎన్నుకొనిరి. 1913 మార్చి 4వ తేదీన ఆయన పదవి స్వీకరించెను. బ్యాంకులను క్రమబద్ధము చేయు చట్టమును, పెద్ద వ్యాపారసంస్థల గుత్తాధిపత్యమును అరికట్టు చట్టమును ఆయన తెచ్చెను. అయితే ఆయన పరిపాలనలోనే ప్రభుత్వ కార్యాలయములలో నల్లజాతి ఉద్యోగులను తెల్లవారినుండి వేరుచేసి కూర్చుండబెట్టిరి. న్యాయమును గూర్చి అంతగా మాట్లాడిన పాలకుడు ఈ అన్యాయమును సమర్థించుట ఆయన కీర్తికి మాయని మచ్చ.

విల్సను దృష్టి యంతయు స్వదేశ వ్యవహారములమీదనే యుండెను. కాని ఆయన పదవికి వచ్చిన మరుసటియేడే ఐరోపా ఖండము మంటలలో చిక్కుకొనెను. ఆ మంటలకు వలసిన కట్టెలు అప్పటికి 40 ఏండ్లుగా పేర్చబడుచుండెను. 1871లో జర్మనీ ఫ్రాన్సును ఓడించి, అల్సేస్ లోరేన్ ప్రాంతములను లాగుకొనెను. ఫ్రాన్సు ఆ పరాభవమును మరువలేదు. జర్మనీ తన రక్షణకై 1879లో ఆస్ట్రియా-హంగరీతో ఒడంబడిక చేసికొనెను. 1882లో ఇటలీ వారితో కలిసెను. ఒంటరియైన ఫ్రాన్సు 1894 నాటికి రష్యాతో మైత్రి కుదుర్చుకొనెను. ఇంగ్లండు 1904లో ఫ్రాన్సుతోను, 1907లో రష్యాతోను తగవులను తీర్చుకొని వారికి చేరువయ్యెను. ఈ విధముగా ఐరోపాలోని పెద్ద రాజ్యములు రెండు కూటములుగా చీలిపోయెను. ప్రతి కూటమియు తాను ఆత్మరక్షణకే పుట్టితినని చెప్పుకొనెను. ఎదుటి కూటమికి మాత్రము అది దండయాత్రకు సన్నాహమువలె కనబడెను.

దీనికి తోడు ఆయుధముల పోటీ పెరిగెను. ఇంగ్లండు 1906లో డ్రెడ్‌నాట్ అను మహాయుద్ధనౌకను నీటిలోనికి దింపగా జర్మనీ కూడ అట్టి నౌకలనే నిర్మింప మొదలిడెను. కర్మాగారములు రేయింబవళ్లు ఫిరంగులను పోతపోసెను. యుద్ధము వచ్చినచో ఏ దళము ఏ రైలులో ఏ గంటకు ఏ సరిహద్దును చేరవలెనో సేనాధిపతులు ముందుగనే లెక్కలు కట్టి యుంచిరి. ఆ లెక్క ఒకసారి కదలినచో దానిని ఆపుట రాజులకును సాధ్యము కాకుండెను.

1914 జూన్ 28వ తేదీన బోస్నియాలోని సారయెవో నగరమున ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండును, ఆయన భార్యను గవ్రిలో ప్రిన్సిప్ అను 19 ఏండ్ల యువకుడు కాల్చి చంపెను. ఈ హత్యవెనుక సెర్బియా కలదని ఆస్ట్రియా తలచి, జర్మనీ అండ చూచుకొని, ఆ చిన్న రాజ్యమునకు 48 గంటల గడువుతో కఠినమైన షరతులను పంపెను. జూలై 28న దానిపై యుద్ధము ప్రకటించెను. సెర్బియాకు తోడుగా రష్యా సైన్యసమీకరణము గావించెను. ఆగస్టు 1న జర్మనీ రష్యాపైనను, 3న ఫ్రాన్సుపైనను యుద్ధము ప్రకటించెను. 4న జర్మను సేనలు బెల్జియములో చొరబడెను. బెల్జియము తటస్థతను కాపాడుదుమని 1839లో చేసిన ఒప్పందమును అనుసరించి అదే దినమున ఇంగ్లండును యుద్ధమున దిగెను. ఒక హత్యకు ప్రతిక్రియ వెదకబోయి ఒక్క వారములో ఐరోపా పెద్ద రాజ్యములలో ఇటలీ తప్ప తక్కినవన్నియు కత్తులు దూసెను. పిమ్మట తుర్కీ జర్మనీ పక్షమునను, 1915లో ఇటలీ మిత్రరాజ్యముల పక్షమునను చేరెను.

అదే ఆగస్టు 4న విల్సను అమెరికా తటస్థముగా నుండునని ప్రకటించెను. ఆ దినములలో ఆయన భార్య ఎలెన్ మరణశయ్యపై నుండెను. రెండు దినములకు, ఆగస్టు 6న, ఆమె కన్నుమూసెను. ప్రపంచము కూలుచున్న వేళనే ఆయన ఇల్లును కూలిపోయెను. అయినను ఆయన దుఃఖమును దిగమ్రింగి, ప్రజలు చేతలలోనే గాక తలపులలోను తటస్థముగా నుండవలెనని కోరెను. ఆ కోరికకు కారణము లేకపోలేదు. అమెరికా ప్రజలలో ఇంగ్లండునుండి వచ్చినవారును, జర్మనీనుండి వచ్చినవారును లక్షలకొలది యుండిరి. ఐరోపా కలహము అమెరికా వీధులకు పాకునని ఆయన భయము.

యుద్ధము కొలదినెలలలో ముగియునని అందరును తలచిరి. కాని 1914 సెప్టెంబరులో పారిసునకు సమీపమున మార్న్ నదియొద్ద జర్మనుల దండయాత్ర ఆగిపోయెను. అటుపిమ్మట ఇరుపక్షముల సైనికులును నేల త్రవ్వి కందకములలో దాగిరి. ఆ కందకములు ఉత్తర సముద్రమునుండి స్విట్జర్లండు సరిహద్దువరకు వ్యాపించెను. ముందు ముళ్లతీగలు, వెనుక మరతుపాకులు. శౌర్యము గలవాడైనను, పిరికివాడైనను ఆ మరతుపాకి ముందు ఒక్కటే. 1915 ఏప్రిల్ 22న బెల్జియములోని ఈప్రె యొద్ద జర్మనులు విషవాయువును ప్రయోగించిరి. 1916లో వెర్డన్ యొద్ద పదినెలలు పోరు సాగగా ఇరుపక్షములవారు కలిసి సుమారు 3 లక్షలమంది ప్రాణములు కోల్పోయిరి. అదే ఏడు జూలై 1న సోమ్ నదియొద్ద ఒక్క దినముననే 19 వేలకు మించి బ్రిటిషు సైనికులు మరణించిరి. పరిశ్రమలు మానవునకు సుఖము కూర్చుటకు కనిపెట్టిన రైలు, ఉక్కు, రసాయనములు అన్నియు మానవసంహారమునకు పనిముట్లయ్యెను.

ఈ యుద్ధపు వేడి మన దేశమునకు కూడ సోకెను. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎండెన్ అను జర్మను యుద్ధనౌక మద్రాసు రేవుపై గుండ్లు కురిపించి చమురు తొట్లను తగులబెట్టెను. బ్రిటిషు సామ్రాజ్యము పక్షమున 10 లక్షలకు మించి భారతీయులు సముద్రములు దాటిపోయిరి. వారిలో 70 వేలకు పైగా తిరిగి రాలేదు.

సముద్రముమీద ఇంగ్లండు జర్మనీ రేవులను దిగ్బంధము చేసెను. దానికి ప్రతిగా జర్మనీ జలాంతర్గాములతో ఓడలను ముంచ మొదలిడెను. 1915 మే 7న లూసిటేనియా అను ప్రయాణికుల ఓడను ఐర్లండు తీరమున ఒక జలాంతర్గామి ముంచివేయగా దాదాపు 1,200 మంది మరణించిరి. వారిలో 128 మంది అమెరికనులు. ప్రతీకారము, ప్రతీకారము అని పలువురు కేకలు వేసిరి. విల్సను చలింపలేదు. జర్మనీకి గట్టి హెచ్చరికలు పంపి, 1916లో ప్రయాణికుల ఓడల జోలికి పోమని వారిచేత మాట పుచ్చుకొనెను. అదే ఏడు నవంబరులో ప్రజలు ఆయనను రెండవసారి ఎన్నుకొనిరి. దేశమును యుద్ధమునకు దూరముగా నుంచినాడన్న కృతజ్ఞతయే ఆ విజయమునకు ఒక ముఖ్యకారణము.

అయితే అమెరికా తటస్థత పేరునకు ఉన్నంతగా ఆచరణలో లేదు. దిగ్బంధము వలన జర్మనీతో వ్యాపారము నిలిచిపోయెను. మిత్రరాజ్యములకు మాత్రము అమెరికానుండి ఆయుధములును, ఆహారమును, అప్పులును ప్రవాహమువలె పోవుచుండెను. విల్సను 1917 జనవరి 22న సెనేటులో ప్రసంగించుచు, గెలుపోటములు లేని సంధియే చిరకాలము నిలుచుననియు, ఓడినవాని గుండెలో ద్వేషము మిగిల్చిన సంధి ఇసుకమీద కట్టిన ఇల్లు వంటిదనియు వివరించెను. అగస్టా వీధులలో ఓటమిని చూచిన బాలుని అనుభవము ఆ ప్రసంగమునకు మూలము.

ఆ మాటలను వినువారు లేకపోయిరి. ఫిబ్రవరి 1వ తేదీనుండి ఏ దేశపు ఓడనైనను హెచ్చరింపకయే ముంచెదమని జర్మనీ ప్రకటించెను. మెక్సికో తమ పక్షమున అమెరికాతో పోరాడినచో టెక్సాసు మొదలగు ప్రాంతములను తిరిగి ఇప్పించెదమని జర్మను విదేశాంగమంత్రి పంపిన రహస్యపు తంతి వార్త బయటపడెను. అమెరికా ఓడలు మునుగజొచ్చెను. ఏప్రిల్ 2న విల్సను బరువెక్కిన హృదయముతో కాంగ్రెసు ఎదుట నిలిచి యుద్ధమునకు అనుమతి కోరెను. 6వ తేదీన అమెరికా జర్మనీపై యుద్ధము ప్రకటించెను. ప్రజాస్వామ్యము నిర్భయముగా బ్రతుకగల లోకమును ఏర్పరచుటయే ఈ యుద్ధమునకు లక్ష్యమని ఆయన చాటెను.

శాంతిని ప్రేమించినవాడు యుద్ధమును నడుపవలసివచ్చినప్పుడు ఆయనయందలి కాఠిన్యము పైకి వచ్చెను. నిర్బంధ సైనికసేవ చట్టము చేయబడెను. యుద్ధమును విమర్శించినవారిని చెరసాలలకు పంపు చట్టములు వచ్చెను. కార్మికనాయకుడైన యూజిన్ డెబ్సునకు ఒక ఉపన్యాసము చేసినందులకే 10 సంవత్సరముల శిక్ష పడెను. యుద్ధము ముగిసినపిమ్మట కూడ విల్సను ఆయనను క్షమింపలేదు.

1918 జనవరి 8న విల్సను తన సుప్రసిద్ధమైన 14 సూత్రములను ప్రకటించెను. రాజ్యములు రహస్యపు ఒడంబడికలు చేసికొనరాదు; సముద్రములపై అందరికిని స్వేచ్ఛ యుండవలెను; ఆయుధములు తగ్గింపవలెను; వలసల విషయమున అచ్చటి ప్రజల క్షేమమును కూడ చూడవలెను; అన్నింటికంటె మిన్నగా, చిన్న పెద్ద రాజ్యములన్నింటి స్వాతంత్ర్యమును కాపాడుటకు ఒక నానాజాతి సమితి ఏర్పడవలెను. ఐరోపాను దహించిన వ్యాధికి రహస్యకూటములే మూలమని గుర్తించి, వానికి బదులు అన్ని జాతులును చేరిన ఒకే కూటమిని ఆయన ఔషధముగా సూచించెను.

ఆ వసంతకాలమున జర్మనీ తన బలమునంతను కూడదీసి ఫ్రాన్సుపై విరుచుకుపడెను. కాని వేసవినాటికి నెలకు 2 లక్షలకు మించి అమెరికా సైనికులు ఫ్రాన్సులో దిగుచుండిరి. సేనాధిపతి పెర్షింగు క్రింద వారి సంఖ్య సుమారు 20 లక్షలకు చేరెను. ఆగస్టునుండి మిత్రరాజ్యముల సేనలు ముందునకు నడిచెను. జర్మనీ విల్సను సూత్రములను నమ్మి, వాని ఆధారముగా సంధిని కోరెను. 1918 నవంబరు 11న ఉదయము 11 గంటలకు ఫిరంగులు మూగవోయెను. అప్పటికి 90 లక్షలకు పైగా సైనికులు మరణించియుండిరి. వారిలో లక్షకు మించి అమెరికనులు.

డిసెంబరులో విల్సను సంధి సభకై ఓడ యెక్కెను. పదవిలో నుండగా ఐరోపాకు పోయిన మొదటి అమెరికా అధ్యక్షుడు ఆయనయే. పారిసు ప్రజలు వీధులలో క్రిక్కిరిసి ఆయనకు స్వాగతమిచ్చిరి. కాని బయలుదేరునప్పుడే ఆయన ఒక పొరపాటు చేసెను. అమెరికా సెనేటులో ప్రతిపక్షమైన రిపబ్లికనులకు ఆధిక్యము వచ్చియుండగా, ఆ పక్షపు ప్రముఖ నాయకులను గాని, ఒక్క సెనేటరును గాని వెంట తీసికొనిపోలేదు.

పారిసులో ఫ్రాన్సు ప్రధాని క్లెమెన్సో, ఇంగ్లండు ప్రధాని లాయిడ్ జార్జి, ఇటలీ ప్రధాని ఆర్లండో ఆయనతో కూర్చుండిరి. వారి ప్రజలు ప్రతీకారమును కోరుచుండిరి. జర్మనీకి శిక్షయు, తమకు నష్టపరిహారమును కావలెనని వారు పట్టుపట్టిరి. విల్సను సమితిని దక్కించుకొనుటకై తక్కిన సూత్రములను ఒక్కొక్కటిగా వదలుకొనెను. చైనాకు చెందవలసిన షాంటుంగు హక్కులు జపానుకు పోయెను. జాతుల సమానత్వమును సమితి నిబంధనలలో చేర్చవలెనని జపాను కోరగా, సభ్యులలో ఎక్కువమంది అంగీకరించినను, అందరును ఒప్పుకొనలేదన్న కారణమున అధ్యక్షస్థానమున నున్న విల్సను దానిని త్రోసిపుచ్చెను.

ప్రతి జాతికిని తన భవిష్యత్తును తానే నిర్ణయించుకొను హక్కు కలదన్న ఆయన మాటలు ఆసియా ఖండమున ఎన్నో ఆశలు రేకెత్తించియుండెను. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన సుబ్రహ్మణ్య అయ్యరు 1917లోనే విల్సనునకు లేఖ వ్రాసి భారతదేశమునకు స్వపరిపాలన ఇప్పింప తోడ్పడుమని కోరియుండెను. అందులకై బ్రిటిషు ప్రభుత్వము మందలింపగా ఆయన తన బిరుదమునే విడిచిపెట్టెను. పారిసులో భారతదేశము పేర ఆసనము వేసిరి. కాని అందు కూర్చుండినవారిని బ్రిటిషు ప్రభుత్వమే ఎంపికచేసెను. సభ జరుగుచుండగనే 1919 ఏప్రిల్ 13న అమృతసరములోని జలియన్‌వాలా బాగున నిరాయుధులపై బ్రిటిషు సేనలు కాల్పులు జరిపినవి. విల్సను సూత్రము ఐరోపా జాతులకే గాని ఆసియా, ఆఫ్రికా జాతులకు కాదని తేలిపోయెను.

1919 జూన్ 28న, సారయెవో హత్య జరిగిన సరిగా అయిదేండ్లకు, వర్సేల్సు సౌధమున సంధిపత్రముపై సంతకములు జరిగెను. జర్మనీ యుద్ధభారమునంతను తలకెత్తుకొనవలసివచ్చెను. గెలుపోటములు లేని సంధిని కోరిన విల్సను ఆ పత్రముపై సంతకము చేసెను. లోపములను సమితి క్రమక్రమముగా సరిదిద్దునని ఆయన విశ్వాసము.

అమెరికా చట్టము ప్రకారము సంధికి సెనేటులో మూడింట రెండువంతుల మద్దతు కావలెను. దాడికి గురియైన సభ్యరాజ్యమునకు తోడ్పడవలెనను నిబంధన తమ కాంగ్రెసు అధికారమును హరించునని హెన్రీ కాబట్ లాడ్జి అను సెనేటరు ఆక్షేపించి కొన్ని సవరణలు సూచించెను. కొంచెము వంగినచో సంధి నెగ్గియుండెడిది. విల్సను వంగలేదు. ప్రజలకే చెప్పుకొందునని రైలెక్కి, మూడువారములలో సుమారు 8,000 మైళ్లు తిరిగి దాదాపు 40 ఉపన్యాసములు చేసెను. ఆరోగ్యము చాలదని వైద్యుడు వారించినను వినలేదు. సెప్టెంబరు 25న ప్యూబ్లో నగరమున మాట్లాడినపిమ్మట కుప్పకూలెను. అక్టోబరు 2న పక్షవాతము వచ్చి ఎడమభాగము పడిపోయెను. 1915లో ఆయన పెండ్లాడిన ఎడిత్ రాత్రింబవళ్లు సేవచేసెను; మంత్రులకు సైతము చాలకాలము దర్శనము దొరకలేదు.

మంచముననుండియు ఆయన సవరణలను అంగీకరింపలేదు. వానితో కూడిన సంధికి మద్దతు ఇయ్యవలదని తన పక్షమువారికి చెప్పిపంపెను. 1920 మార్చి 19న జరిగిన తుది వోటింగులో 49 మంది అనుకూలముగను, 35 మంది ప్రతికూలముగను వోటు చేసిరి. కావలసినదానికి ఏడు వోట్లు తక్కువాయెను. తాను పుట్టించిన సమితిలో తన దేశమునకే చోటు లేకపోయెను. అదే ఏడు ఆయనకు 1919వ సంవత్సరపు నోబెలు శాంతి బహుమానము ప్రకటింపబడెను. 1924 ఫిబ్రవరి 3న వాషింగ్టనులో ఆయన మరణించెను. ఆ నగరములోని పెద్ద ప్రార్థనాలయమున ఆయన సమాధి కలదు.

అమెరికా అండలేని సమితి బలహీనమాయెను. 1931లో జపాను మంచూరియాను, 1935లో ఇటలీ ఇథియోపియాను ఆక్రమింపగా అది ఆపలేకపోయెను. ఓడినవారి గుండెలలో మిగిలిన ద్వేషము హిట్లరునకు మెట్టయ్యెను. 1939లో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. అది ముగియు సమయమున, 1945లో, ఐక్యరాజ్యసమితి ఏర్పడగా అమెరికా సెనేటు 89 వోట్లతో దానిని అంగీకరించెను, కాదన్నవారు ఇద్దరే. పాతికేండ్ల క్రిందట అదే సభలో ఏడు వోట్లు చాలక ఓడిన ఆశయము ఈవిధముగా తిరిగి తలయెత్తెను. అప్పటికి మరి కొన్ని కోట్లమంది ప్రాణములు పోయియుండెను.

విల్సను గొప్ప సత్యమును కనుగొనెను. పరస్పర భయముతో కట్టిన కూటములు యుద్ధమును ఆపలేవు. అన్ని జాతులును కూడి కాపాడుకొన్నప్పుడే శాంతి నిలుచును. కాని సత్యమును కనుగొనుట వేరు, దానిని నిలబెట్టుట వేరు. అందరికిని చెప్పిన న్యాయమును అందరికిని వర్తింపజేయకుండుటయు, ఆశయమును కాపాడుకొనుటకు తోటివారితో ఒక్క అడుగైనను వెనుకకు వేయలేకపోవుటయు ఆయన ఓటమికి కారణములు. ఆయన ఆశయము ఎంత ఆదరణీయమో, ఆయన లోపములు అంత జ్ఞాపకముంచుకొనదగినవి.